ముక్కుకు కొంగు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ల నడుమ మురికిని నాకన్నా బాగా రాసినవాడు ఇంకా పుట్టలేదు. నేను ‘మురికికూపం’ అని రాస్తే చదివేవాళ్లు పేపరును చేయి చాపి దూరంగా పట్టుకునేవాళ్లు. ‘దుర్గంధం’ అని రాసిన రోజు కాఫీ హోటళ్లలో ఉప్మా మిగిలిపోయేది. ఒకసారి ధర్మవరంలో ఒక మగ్గాల సందు గురించి రాశాను. తెల్లవారి పేపరు వచ్చింది, మధ్యాహ్నానికల్లా జేసీబీ వచ్చింది. కాలవకు అడ్డంగా పడిన గోడ లేచిపోయింది, నిలిచిన నీళ్లు పోయాయి. సందులోని జనం వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఒక్క మాటతో ఒక వీధిని కడిగిన మనిషిని నేను.

ఈ కథ చాలా సభల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి. ఇందులో ఎంత నిజముందో ముందుకు పోయేకొద్దీ చెబుతాను. తొందరపెట్టకండి. వయసు మళ్లినవాడికి అబద్ధం అల్లడానికి ఎంతసేపు పడుతుందో, విప్పడానికీ అంతసేపు పడుతుంది.

మాది గుడిబండ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. నేను చేను చూసుకోవాలని మా నాయన కోరిక. నా రాత అచ్చులో చూసుకోవాలని నా కోరిక. ఇద్దరిలో మొండివాణ్ని నేనే కాబట్టి హిందూపురంలో ఇల్లు తీసుకుని ఒక పత్రికకు జిల్లా పేజీ విలేకరినయ్యాను. జీతం మాట అడక్కండి. జేబులో గుర్తింపు కార్డు ఉండేది, బస్టాండులో నలుగురు నమస్కారం పెట్టేవాళ్లు, అది చాలనుకున్నాను. ఇప్పుడు ఫోన్లోనే వార్త కొట్టి ఫోన్లోనే పంపిస్తున్నాను. పెన్ను పోయి వేలు వచ్చింది గానీ మాటలు మాత్రం పాతవే.

ఆ మాటల సంగతి కొంచెం చెప్పాలి. కాలవ నిండితే ‘పొంగిపొర్లుతున్న మురుగు’. చెత్తబండి నిన్న రాకపోతే ‘పడకేసిన పారిశుధ్యం’. దోమలుంటే ఆ వీధి ‘దోమలకు నిలయం’. పందులు కనపడితే ‘స్వైరవిహారం’. పందికి మా జిల్లా పేజీలో తప్ప ఇంకెక్కడా అంత మర్యాద దొరకలేదు. మనుషులు ఇరుకింట్లో ఉంటే ‘దుర్భర జీవనం’, ఆ ఇంట్లోనే ఒక ముసలామె దగ్గితే ‘నరకయాతన’. ఈ మాటలేవీ నేను పుట్టించినవి కావు. నా ముందువాళ్లు వాడి పెట్టిపోయారు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే గంగాళాల్లాంటివి అవి. ఏ ఇంటికైనా సరిపోతాయి, ఏ ఇంటివీ కావు. రామగిరిలో మూతపడిన బంగారు గనుల దగ్గరికి ఒకసారి పోయి ‘శ్మశాన నిశ్శబ్దం’ అని రాశాను. నేను ఆ మాట రాసుకుంటున్నంతసేపూ అక్కడి కాపలాదారు నా పక్కనే కూర్చుని ఫోన్లో పాటలు పెద్దగా పెట్టుకుని వింటూ ఉన్నాడు.

వీధిలో అడుగు పెట్టకముందే మాట తయారుగా ఉండేదని చెప్పడానికే ఇదంతా. కళ్లకు పని తక్కువ.

ఫోటోకు కూడా ఒక పద్ధతి ఉంది. ఆ వీధి ఆడవాళ్లను కాలవ పక్కన నిలబెట్టి, “అమ్మా, కొంగు ముక్కుకు పెట్టుకోండి” అనాలి. వాసనను ఫోటో తీయలేం కాబట్టి కొంగే వాసన. మగవాళ్లయితే తువ్వాలు. పిల్లలు నవ్వుతారు కాబట్టి వాళ్లను పక్కకు తోలాలి. మా జిల్లా పేజీల్లో ఇన్నేళ్లలో ముక్కు మూసుకున్న ఆడవాళ్లలో సగం మంది మేము చెబితే మూసుకున్నవాళ్లే. ఇది పెంచి చెప్పడం లేదు, తగ్గించే చెబుతున్నాను.

ఇక ధర్మవరం సంగతి.

అక్కడ ఒక నేత ఇల్లు నాకు బాగా తెలుసు. మా ఇంటి ఆడవాళ్ల పెళ్లి చీరలన్నీ ఆ ఇంటి మగ్గం మీదివే. ఆ ఇంటాయన మాట్లాడడు, ఆయనకు బదులు మగ్గం మాట్లాడుతుంది. ఇంట్లో మాటలన్నీ ఆయన భార్యవి. నాకంటే చాలా చిన్నది. నన్ను అన్నా అంటుంది, పుట్టింటి మనిషిని తిట్టినట్టు తిడుతుంది. కొడుకు, కోడలు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. రెండు మూడేళ్ల కిందట ఒక దసరా ముందు, వానలు విడవకుండా పట్టుకున్న రోజుల్లో, ఆమె ఫోన్ చేసింది.

“అన్నా, మా సందులో పాత గోడ కూలిపోయింది. కాలవకు అడ్డంగా పడింది. వాన నీళ్లన్నీ సందులోనే నిలబడుకోనుండాయి. మగ్గం గుంతలోకి ఊటెక్కుతాండాది. నువ్వు పేపర్లో ఎయ్యన్నా, ఎవరన్నా వచ్చి తీస్తారు.”

“మగ్గం మీద ఏముందమ్మా ఇప్పుడు?”

“పెళ్లి చీర. మీ హిందూపురం వాళ్లదే. ముహూర్తం చీర. పెళ్లికూతురు పాపే వచ్చి రంగు చెప్పి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి పోయింది. సగం అయింది. సగం ఉండాది.”

గుంత మగ్గం చూడనివాళ్ల కోసం ఒక మాట. నేసే మనిషి నేల మీద కూర్చుని, కాళ్లు మాత్రం గుంతలోకి దించి తొక్కుతూ నేస్తాడు. ఆ గుంతలో నీళ్లూరితే కూర్చునే దారి లేదు. చెమ్మ పైకెక్కితే మగ్గం మీదున్న పట్టుపోగులు కూడా పాడవుతాయి. కార్తీకంలో పెళ్లి. ఆ లోపల చీర దిగాలి. దిగకపోతే పోయేది ఒక్క చీర కాదు. ముహూర్తం చీర మాట తప్పిన ఇల్లని పేరు పడితే ఇంకొక పెళ్లివాళ్లు ఆ గడప తొక్కరు.

మరుసటి రోజు పొద్దున్నే హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగాను.

చూసింది చూసినట్టు ఇప్పుడు చెబుతాను. అప్పుడు చెప్పలేదు కాబట్టి. సందులో చీలమండ లోతు నీళ్లు. వాన నీళ్లు. పై వీధిలో పట్టుకు రంగులద్దే ఇల్లు ఒకటుంది. అక్కడ కడిగిన ఎరుపు ఇందులో కలిసి దానిమ్మ రసంలో నీళ్లు పోసినట్టుంది. వాసన అంటారా, తడిసిన మట్టి వాసన ఒకటి, ఎవరింట్లోనో బొరుగుల ఉగ్గానికి తాలింపు పెట్టిన వాసన ఒకటి. అంతే. ఇంట్లోకి పోతే కిటికీ మూసి ఉంది. గాలి తగిలితే పట్టుపోగు ఎండి తెగిపోతుందని నేత ఇళ్లలో కిటికీలు మూస్తారు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మగ్గం మీద చీరకు ఉతికిన తెల్లపంచె కప్పి ఉంది. కొంచెం ఎత్తి చూపించింది. మామిడి చిగురు రంగు, ఎర్ర అంచు. ఆయన గుంత పక్కన గొంతుకూర్చుని చెంబుతో నీళ్లు తోడి బకెట్లో పోస్తున్నాడు. “రాప్పా” అన్నాడు. అది ఆయన ఆ రోజుకు చెప్పదలచుకున్నదంతా అనుకున్నాను.

నేను ఫోన్ తీశాను.

“అమ్మా, ఈ గడపలో నిలబడు. వెనక మగ్గం కనపడాలి. కొంగు ముక్కుకు పెట్టుకో.”

“యాలన్నా? వాసనేమీ రావడంలే. వాన నీళ్లు గదా.”

“నీకు రావద్దులేమ్మా. పేపరుకు రావాల.”

ఆమె నవ్వింది. “అట్లయితే మా ఆయప్పను పెట్టుకోమను. ఆయప్పకే మూతికి అడ్డం ఉంటే బాగుంటాది.”

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: “నేను ఎప్పుడో మూసుకోనుండా. ఇంక బట్ట యాల?”

ఎదురింటి ఆమె గట్టు మీద నుంచి వంగి చూస్తూ, “అక్కా, పేపరోళ్లు వస్తారని ముందే చెప్పింటే కొత్త కోక కట్టుకుంటాంటి గదా” అంది.

“కొత్త కోక కడితే పేపర్లో పడదంటమ్మే. పాతది కట్టుకోని ఏడ్సల్లంట.”

“ఏడ్సనీకి కోకెందుకక్కా, మా అత్తను తలుచుకుంటే చాలు.”

వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. “నవ్వొద్దమ్మా” అన్నాను. “ముక్కు మూసుకుంటే నవ్వొస్తాదన్నా, ఏం జేయల్ల?” అంది. చివరికి కొంగు గట్టిగా పట్టుకుని, కళ్లు కిందికి దించి నిలబడింది. నవ్వు ఆపుకోవడానికి కళ్లు దించింది. ఫోటోలో మాత్రం అది కంపు భరించలేని మొహంలాగ పడింది. మంచి ఫోటో.

నేను బయల్దేరేటప్పుడు ఆమె సందు చివరిదాకా వచ్చింది. “గట్టిగా రాయన్నా. మెత్తగా రాస్తే ఎవరూ కదలరు” అంది. ఈ మాట ఆమె అన్న సంగతి ఇక్కడ రాయడం నన్ను నేను కాపాడుకోవడానికి కాదు. కొంచెం దానికి కూడా.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వార్త కొట్టాను. మొదట కొట్టింది ఇది: గోడ కూలి కాలవ మూసుకుపోయింది, వాన నీళ్లు నిలిచాయి, మగ్గం గుంతల్లోకి ఊట వస్తోంది, నేత ఆగింది. పెనుకొండ కొండ కనపడేసరికి మళ్లీ చదువుకున్నాను. చప్పగా ఉంది. దీన్ని ఎవరు చదువుతారనిపించింది. అప్పుడు పని మొదలుపెట్టాను. నీళ్లను మురుగు చేశాను. చీలమండను మోకాలు చేశాను. రంగుల ఎరుపు ‘నెత్తురును తలపించే మురుగు’ అయింది. మూసిన కిటికీ చూసి ‘గాలి వెలుతురు సోకని చీకటి కొట్టం’ అని రాశాను. ఆయన కాళ్లు దించుకునే గుంత ‘సమాధి లాంటి గుంత’ అయింది. రైలు హిందూపురం చేరే లోపల ఆ ఇంటిని నేను పూడ్చిపెట్టేశాను.

సాయంత్రం డెస్కు నుంచి ఉపసంపాదకుడు ఫోన్ చేశాడు.

“సార్, ఫోటో అదిరింది. కానీ మొదటి వాక్యం కొంచెం మెత్తగా ఉంది సార్.”

“దుర్గంధం ఉంది గదయ్యా అందులో?”

“దుర్గంధం రోజూ వేస్తూనే ఉన్నాం సార్. ఎవరికీ ఎక్కడంలేదు.”

“అయితే ముందర ‘ముక్కుపుటాలదిరే’ అని చేర్చు.”

అతను నవ్వాడు. “ఈ వయసులో మీకు ఇవన్నీ ఎట్లా తడతాయి సార్?”

“ముక్కు పనిచేయని వయసు నాయనా ఇది. మాటలే పనిచేస్తాయి.”

శీర్షిక వాళ్లే పెట్టారు. ‘కంపులో పెళ్లి పట్టు’. చూడగానే నాకు ఈర్ష్య కలిగింది, నాకు తట్టలేదే అని.

ఇప్పుడు జేసీబీ సంగతి. గోడ కూలింది అదే సందులో ఉండే ఒక ముసలాయనది. ఆయన అల్లుడికి కనగానపల్లిలో జేసీబీ ఉంది. నేను రైల్లో చీలమండను మోకాలు చేస్తున్న సమయానికే ఆ అల్లుడు బండి తోలుకొచ్చి మామ గోడను ఎత్తేశాడు. పొద్దు మునగకముందే నీళ్లు పోయాయి. ఆ మామ గానీ అల్లుడు గానీ నా పేపరు చదవరు. తెల్లవారి నా వార్త వచ్చేసరికి సందు ఆరి, ఆడవాళ్లు కళ్లాపి చల్లి ముగ్గులు వేసి ఉన్నారు. పేపరు పిల్లవాడు విసిరిన పేపరు ముగ్గు మీద పడింది. ఇక నా రెండు చేతులూ పట్టుకున్న జనం. తర్వాత పోయినప్పుడు ఒకాయన పట్టుకున్న మాట నిజం. నన్ను కరెంటాఫీసు మనిషి అనుకున్నాడు.

మురికి ఉన్నప్పుడు మురికి అని రాస్తే దానికొక న్యాయం ఉంది. నా మాట అచ్చయ్యేసరికి ఆ వీధిలో దాన్ని ఆనించడానికి చోటు లేదు. అయినా మాట ఆగలేదు. ఫోటోతో సహా ఆ ముక్క వాట్సాప్‌లో పడి హిందూపురం దాకా నడిచి వచ్చింది.

మధ్యాహ్నం ధర్మవరం నుంచి ఫోన్. ఆమె గొంతులో నవ్వు లేదు.

“అన్నా, పెళ్లోళ్లు ఫోన్ చేసినారు. ఆ పాప మేనత్తంట. ‘పేపర్లో ముక్కు మూసుకోనుండేది మీరే గదా, మీ వెనక ఉండేది మా చీర మగ్గమే గదా’ అంటాది. నేనేం చెప్పల్ల?”

“వాన నీళ్లని చెప్పమ్మా.”

“చెప్పినా. ‘వాన నీళ్లయితే మీరెందుకు ముక్కు మూసుకుంటిరి’ అంటాది.”

నేను నోరు తెరిచేలోపలే ఆమె అందుకుంది.

“ముహూర్తం చీర గదన్నా. మడి చూస్తారు. మా ఆయప్ప మగ్గమెక్కల్లంటే కాళ్లు కడుక్కోని, దీపం పెట్టి ఎక్కుతాడు. పెళ్లి చీర దిగేదాకా మా ఇంట్లో నీసు కూడా వండం. ఇది నీకు తెల్సు. నువ్వు మల్ల రాయన్నా. సందు బాగుండాదని, ఇల్లు బాగుండాదని రాయి.”

“రాస్తానమ్మా” అన్నాను.

రాయడానికి కూర్చున్నాను. ‘సందు శుభ్రంగా ఉంది’ అని కొట్టాను. తర్వాత వేలు కదల్లేదు. మురికికి నా దగ్గర గాదె నిండా మాటలున్నాయి. శుభ్రానికి వెతికితే ‘పరిశుభ్రం’ అని ఒకటి దొరికింది. గోడల మీద నినాదాలు రాసి రాసి దాని ప్రాణం ఎప్పుడో తీశారు. ఉతికిన పంచె కప్పిన మగ్గాన్ని, కాళ్లు కడుక్కుని దీపం పెట్టే మనిషిని చెప్పడానికి నా వృత్తిలో మాట లేదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ పోగు చేసుకోలేదు. ఆ సాయంత్రం నాకు భయం వేసింది. నిజంగానే వేసింది, దీన్ని పెంచడం లేదు.

ఎట్లాగో ఒక ముక్క రాసి పంపాను. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. “వీధి బాగుంటే వార్త ఏముంది సార్? దీన్ని మనమే చేయించినట్టు వేద్దాం.” మా పత్రికల్లో ఇదొక ఆనవాయితీ. వార్త వేశాక ఏదైనా జరిగితే, అది ఎవరు చేసినా, ‘వార్తకు స్పందన’ అని వేసుకుంటాం. వేశారు. ‘కదిలిన యంత్రాంగం’ అని శీర్షిక. యంత్రం కదిలింది నిజమే, మామ గోడ మీదికి. కింద మొదటి వాక్యం ఇట్లా ఉంది: ‘నిన్నటిదాకా ముక్కుపుటాలదిరే దుర్గంధంతో మురికికూపంగా ఉన్న...’ బాగుందని చెప్పడానికి కూడా ఆ మాటలే రెండోసారి అచ్చయ్యాయి. పక్కన మళ్లీ ఆ ఫోటోనే. నేను సభల్లో చెప్పుకునే జేసీబీ కథ పుట్టింది ఆ ముక్కలోనే. నేను దాన్ని అక్కడినుంచి తెచ్చి పెంచుకున్నాను.

ఆ ఆదివారం పెనుకొండలో సాహిత్య సభ. బయటి ఊరి నుంచి ఒక విమర్శకుడు వచ్చాడు. చదువుకున్నవాడు, మంచి గొంతు. నాకు శాలువ కప్పే పని ఆయనకే అప్పగించారు. కప్పేముందు నా వార్తను జేబులోంచి తీసి చదివాడు. “మనవాళ్ల రచనల్లో మట్టి వాసన చాలా చూశాం. ఇందులో మురుగు వాసన ఉంది. ఇప్పుడు సాహిత్యానికి కావలసింది ఇదే” అన్నాడు. ‘నెత్తురును తలపించే మురుగు’ దగ్గర ఆగి, శ్రమజీవి నెత్తురే ఆ కాలవలో పారుతోందని, ఇంతకన్నా గొప్ప ప్రతీక ఉండదని వివరించాడు. చప్పట్లు పడ్డాయి. అది రంగులద్దే ఇంటి ఎరుపని నాకొక్కడికే తెలుసు. నేను శాలువ సరిచేసుకున్నాను.

భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను.

“ధర్మవరం ఎప్పుడైనా పోయినారా సార్?”

“రైల్లో దాటానండీ. మీ వాక్యం చదివాక ఇంక పోనక్కర్లేదు.”

ఆయన చెడ్డవాడు కాదు. పేదవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. నేను మురికి అనే మాటను ఎవరినో సిగ్గుపరచడానికి వాడతాను, ఆయన అదే మాటను పొగడ్తగా వాడతాడు. నాకు ఎంత కంపు ఉంటే అంత వార్త, ఆయనకు ఎంత కంపు ఉంటే అంత సాహిత్యం. ఇద్దరికీ కాళ్లు తడవలేదు. ఆ మాటను ఒంటి మీద మోసేవాళ్లు మాత్రం ఆ ఇంట్లోవాళ్లు. ఆడపిల్ల పెళ్లికి నేసిన చీర మీద అది మరకలాగ పడింది. మరకైతే కనీసం ఉతికి చూడొచ్చు.

శాలువ సంచిలో పెట్టుకుని ఆ సాయంత్రం హిందూపురంలో పెళ్లివారింటికి పోయాను. మేనత్త ఎదురొచ్చింది. నిండైన మనిషి. కాఫీ ఇచ్చింది. ఆ వార్త రాసింది నేనేనని చెప్పి, అవి వాన నీళ్లమ్మా అన్నాను.

“అంటే మీరు అబద్ధం రాసినారా?”

“అబద్ధం కాదమ్మా. కొంచెం పెంచినా.”

“ఎంత పెంచినారు?”

“చీలమండను మోకాలు చేసినా.”

“వాసన?”

“వాసన మొత్తం నాదే.”

ఆమె కాసేపు నన్ను చూసింది. కోపంగా కాదు. కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయను తిప్పి చూసినట్టు చూసింది. “పేపర్లో రాసింది పెంచినారు. ఇప్పుడు మా ఇంటికొచ్చి తగ్గిస్తాండారు. యాది నమ్మల్లప్పా మేము?” అంది.

గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఇంత వయసు వచ్చాక, నిజం చెప్పినప్పుడు నన్ను నమ్మని మనిషిని చూడటం అదే మొదటిసారి. అబద్ధం చెప్పినప్పుడు నమ్మనివాళ్లు చాలామంది ఉన్నారు, దానికి నేను అలవాటు పడ్డాను.

కార్తీకంలో ఆ పెళ్లి జరిగింది. కల్యాణ మండపం ముందు నుంచి ఆటోలో పోతూ దీపాలు చూశాను, దిగలేదు. ధర్మవరం ఇంట్లో చీర మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. వాళ్లు వద్దని ఉంటారు, ఇంకేముంది అని నాకు నేనే తేల్చుకున్నాను. తేల్చుకున్నవాణ్ని ఊరుకున్నానా? కొన్నాళ్లకు సభల్లో జేసీబీ కథ మానేసి ఇది చెప్పడం మొదలుపెట్టాను. ‘నా ఒక్క మాటకు ఒక పెళ్లి చీర పెళ్లి చూడకుండా పోయింది’ అని. ఒకరిద్దరు కళ్లు తుడుచుకునేవాళ్లు. మాట ఎంత ప్రమాదకరమో తెలిసిన రచయిత అని ఇంకొక శాలువ కప్పారు. ఆ ఇంటికి నేను చేసిన చెరుపును కూడా నా గొప్ప కిందే జమ వేసుకున్నాను.

ఇదంతా రాసి, అచ్చుకివ్వకముందు ఆమెకు చదివి వినిపించాలనిపించింది. మొన్న ధర్మవరం పోయాను. ఆమె కింద కూర్చుని రాట్నం తిప్పుతూ నేత దారాన్ని కండెలకు చుడుతోంది. ఆయన మగ్గం మీద ఉన్నాడు. నేను ఇక్కడిదాకా చదివాను. అయిపోయాక రాట్నం ఆపింది.

“వాళ్లు చీర వద్దన్నారని నీకు ఎవరు చెప్పినారు?”

“వద్దనలేదా?”

“వచ్చినారు. పెళ్లికి ముందే కారు చేసుకోని వచ్చినారు. సందు చూసినారు, ఇల్లు చూసినారు. ‘బాగానే ఉండాదే’ అనుకున్నారు. నేను చీర మడత ఇప్పి చూపించినా. ఆ మేనత్త ఏం చేసిందనుకున్నావు? చీర ముక్కు కాడికి ఎత్తుకోని వాసన చూసింది.”

మగ్గం చప్పుడు ఆగింది.

“ఆ పాప పక్కనే నిలబడుకోని తల వంచుకునింది పాపం. మేనత్త ‘ఏం వాసన లేదులే, తీసుకుందాం’ అనింది. నేను చీర మడత పెట్టి లోపల పెట్టేసినా. ఇది ఇయ్యమమ్మా, మీరు వేరే యాడన్నా చూసుకోండి అన్నా.”

“అంటే వాళ్లు...”

“వాళ్లు వద్దనలే. నేనే ఇయ్యలే. నీ రాతకు చీర పోయిందని ఊరూరా చెప్పుకోని శాలువలు కప్పించుకుంటాండావే. నీ రాత చదివినాక కూడా వాళ్లు వచ్చినారన్నా. ఆ ముక్క కొట్టెయ్యి.”

“మరి ఆ చీర ఏమైందమ్మా?”

“మా కోడలికి సీమంతంలో కట్టించినా. నువ్వు ఆ పొద్దు ముందు పంక్తిలో కూర్చోని, ఓళిగలు మల్లమల్ల ఏయించుకోని తింటివి. ఆ పిల్ల నీ ఎదురుగానే కూర్చోనుండె. ఏం చూస్తివి నువ్వు?”